రిమార్కుల గడి

మండలం నుంచి కాగితం వచ్చింది:
ప్రతిభ గల పిల్లల పేర్లు, శనివారం లోపు.
వరుస సంఖ్య, పేరు, తరగతి, మార్కులు,
చివర్న బొటనవేలంత రిమార్కుల గడి.

చందంపేట అవతల తండా బడి.
ఐదు తరగతులు, ఒక్క గది, ఒక్కణ్నే నేను.
పెన్ను మూత తీయకముందే శ్రీవర్ధన్ పేరు తయారు.
ఇరవై దాకా ఎక్కాలు, గుండ్రటి చేతిరాత,
అడగంగనే లేచే చెయ్యి.
నిజం చెప్పాలె, వాడు చిన్నప్పటి నా లెక్కనే ఉంటడు.
అద్దంల నా మొఖం చూస్కుంట
తెలివంటే గిట్లుంటదనుకున్న తొమ్మిదేండ్లు.

నేనావత్ జమున యాదికే రాలేదు.
నాలుగో తరగతి. పత్తి ఏరే దినాలు బడికి రాదు.
వచ్చిందా, గోడ పక్కన ఒకటో తరగతోళ్ల నడుమ కూసొని
గుసగుస, గుసగుస.
మూడుసార్లు నిలబెట్టిన.
ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాతో రాసిన:
"క్లాసుల మాట్లాడుతది."
వాళ్ల యాడి ఆ మాట కిందనే వేలిముద్ర వేసింది.
ఏం రాసి ఉన్నదో అడగలేదు.
నేను చెప్పలేదు.

ఆ రోజు సముద్రం పాఠం.
నీలి చాక్‌పీసుతో గీత మీద గీత గీసి
"అంతులేని జలరాశి" అన్న.
జలరాశి! ఆరేండ్ల పిల్లలకు!
గోడ పక్కన మళ్ల గుసగుస.
బెత్తం కోసం తిరిగినోణ్ని ఎందుకో ఆగిన.
ఒకటో తరగతి వినయ్
నోరు తెరుచుకొని బోర్డు దిక్కు చూస్తున్నడు,
ఆడ నిజంగ ఏదో ఉన్నట్టు.

"ఏం చెప్పినవే వానికి?"
జమున లేచింది, దెబ్బకు చెయ్యి చాపుకుంటనే.
"కృష్ణ నిండినప్పుడు అవతలి గడ్డ కనబడతది గద సార్,
ఆ గడ్డను కండ్లతోని తీసెయ్యిరా అన్న.
తీసినంక గూడ నీళ్లే ఉంటే, గదే అన్న."
"మరి ఉప్పగుంటదని?"
"మూతి మీది చెమట నాకమన్న."

తొమ్మిదేండ్లల్ల నాకు పట్టుబడ్డ వాళ్ల మాటలు మూడు:
పాణి, యాడి, ఆవ్.
నా బడిల రెండో టీచరు
రెండేండ్ల సంది జీతం లేకుంట పనిచేస్తున్నది;
నేనేమో ఆమెను నిలబెడుతున్న.

శనివారం శ్రీవర్ధన్ పేరు రాసిన, వాని తప్పేమున్నది.
దాని కింద జమున పేరు.
మార్కులు ముప్పై ఒకటి, ఉన్నవి ఉన్నట్టు.
రిమార్కుల గడిల అవే రెండు మాటలు,
ఈసారి నీలిసిరాతో.

సోమవారం ఆఫీసు నుంచి ఫోను:
"సార్, మాట్లాడుతది అని రాసిండ్రు.
ఇది ప్రతిభనా, కంప్లెయింటా?"

ఫోను చెవి కాడ పెట్టుకొనే గోడ దిక్కు తిరిగిన.
అక్కడ తొమ్మిదో ఎక్కం నడుస్తున్నది
నాకు రాని భాషల,
ఒక్క తప్పు లేకుంట
అనుకుంట.
నాకెట్ల తెలుస్తది.