రంగు మాత్రమే

గడియారం సెంటర్ల మీదంతస్తు గది.
కరెంటు పోయొచ్చింది, సర్వరు
మెల్లగ కండ్లు తెరుస్తున్నది.

పేజీల నేను రాసింది ఉత్త ట్యాగు,
నెత్తిన ఒక గుర్తు, లోపల ఖాళీ.
జావాల కూసున్న కాంపోనెంటు
ఆ గుర్తు వట్టుకొని దాని దగ్గరికొస్తది,
ఊరి బోరు నీళ్ళ లెక్క చదువుతది,
ఫ్లోరైడు ఒకటిన్నర దాటితే
క్లాస్ అనే ఆట్రిబ్యూట్‌ల ఎరుపని పెడతది,
దాటకుంటే పచ్చ.
బ్రౌజరుకు ఈ ముచ్చటేం తెల్వది,
చేతికిచ్చింది తొడుక్కుంటది.

పగటీలి దశరథం సారు ఫోను:
"రేపు మీటింగున్నది మేడం,
పేజీ మరీ ఎర్రగ కొడుతున్నది.
అంకెల జోలికి పోకు. రంగు మాత్రమే."

నిజమే, అంకె కదలదు.
ఒక్క లైను.
ట్యాగు గడప దాటకముందే
దాని మెడల ఇంకో మాటేస్తే సాలు,
మూడు పాయింట్ ఎనిమిది
పచ్చగ నవ్వుతది.

నేను నవ్వేటప్పుడు
చెయ్యి అడ్డం పెట్టుకుంట.
చండూరు దిక్కు పుట్టినోళ్ళం,
మా పండ్లకు గార రంగు
పాలపండ్లు ఊడినప్పుడే రాసిపెట్టున్నది,
ఏ లైను మార్చినా పోదు.

పచ్చ చేసిన.

కానీ టైటిల్ అని ఇంకో ఆట్రిబ్యూట్ ఉంటది,
ఊకె కనవడదు,
మౌసు ఒక్క గడియ మీద ఆగితేనే పలుకుతది.
దాని గురించి సారు ఏమనలే.
ప్రతి పచ్చ అంకె ఎనక
"ఈ నీళ్ళు పిల్లలకు పొయ్యకుండ్రి" అని
కాంపోనెంటుకు అప్పజెప్పిన.

రేపు అంతమందిల
ఒక్కరి చెయ్యన్న
ఆడ ఆగకపోతదా.