గట్టు మీద బెల్లు

వంశధార గట్టు మీద
ఆదివారం ఐదున్నర.
నాకు ఇరవయ్యొక్క గేర్లు, నెత్తిన హెల్మెట్టు,
హ్యాండిల్‌కి బిగించిన ఫోనులో
గంటకి ఎన్ని కిలోమీటర్లో చెప్పే అంకె.
ఆ అంకె కోసమే కదా
గుణుపురం ముసుగుతన్ని పడుకున్న వేళ లేచేది.

గట్టు ఎనిమిదడుగులు.
వరదని ఆపడానికి వేశారు దాన్ని,
మమ్మల్ని మొయ్యడానికి కాదు.
అయినా మోస్తోంది,
ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ల పందేల్ని,
షుగరు తగ్గాలని చేతులూపుతూ నడిచే ప్లీడరు గారిని,
వేప్పుల్ల నములుతూ ఏటికి దిగేవాళ్లని,
కొండ దిగి సంతకొచ్చే సవర ఆడవాళ్ల వరసని.

దారి అడగాలంటే ఇక్కడ మూడు భాషలు కావాలి.
తెలుగులో తప్పుకో అంటాను,
ఒడియాలో ఘుంచ అంటాను,
సవరలో ఏమనాలో
నలభయ్యేళ్లుగా ఈ ఊళ్లోనే ఉండీ నేర్చుకోలేదు.
అందుకే బెల్లు.
బెల్లుకి భాష లేదనుకున్నాను.

ఉంది.
మీదకొచ్చి కొడితే అది తిట్టు.
సుంబారి నెత్తిన పనసకాయల గంప,
మెడ తిప్పలేదు.
వెనక నేను టింగుటింగుమంటే
కుడికో ఎడమకో తెలీక
నడిదారిలో రాటలా నిలబడిపోయింది.
బ్రేకు కీచుమంది. ఒక కాయ
గట్టు దిగి దొర్లి, దొర్లి,
నీళ్లంచున ఆగింది.
దిగి తెచ్చాను. అరచెయ్యంతా గరుకు, జిగురు.
ఆమె ఏమీ అనలేదు.
అనుంటే బావుణ్ణు.

పై ఆదివారం దండాసి తాత.
చెవులు బొత్తిగా వినపడవు,
నా బెల్లు ఆయన లెక్కలో లేదు.
దిగి, సైకిలు నడిపించుకుంటూ పక్కన నడిచాను.
చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా చెప్పాడు:
"నౌపడా చిన్న రైలుకి బొగ్గేసినోణ్ణి నాను.
గేదడ్డొస్తే ఆపీసీవోళ్లం.
బాలింతరాలు ఎక్కుతాదంటే ఆపీసీవోళ్లం.
కుర్రగుంటలు దిగి రేగుపళ్లు కోసుకుని
ఎనకమాల పరిగెట్టి అందుకునీవోరు.
పట్టాలు దిగి పక్కకెల్లలేనిదే
అందరికీ దారిచ్చింది బాబూ,
నీది రబ్బరు చక్రం గదేటి!"

ఫోనులో అంకె నాలుగుకి పడిపోయింది.
తాత నడక నాలుగు.

ఇప్పుడు దూరం నుంచే కొడతాను, ఒక్కసారి,
గుమ్మంలో చెప్పులు విడుస్తూ దగ్గినట్టు.
గంపలొస్తే కాలు కింద పెడతాను.
మేకలకి మాత్రం ఏం చేసినా ఒకటే.

ఎదురింటి లిప్సాకి
పక్కచక్రాలు పీకేసిన మొదటి రోజు.
వెనక సీటు పట్టుకుని వాళ్లమ్మ పరుగు,
కొంగు నోట్లో, ఒక చెప్పు ఎక్కడో.
ఈ అంచు నుంచి ఆ అంచుకి
గట్టంతా పిల్ల పేర రాసిచ్చినట్టు ఉంది.
ప్లీడరు గారు గడ్డిలోకి గెంతారు.
ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఏడుగురూ
ఏడు బ్రేకులు నొక్కి ఆగారు.
ఎవరూ బెల్లు కొట్టలేదు.
వాళ్లమ్మ చెయ్యి వదిలేసింది.
ఆ సంగతి పిల్లకి తప్ప
గట్టు మీద అందరికీ తెలుసు.

మొన్న సుంబారి ఎదురైంది,
సంత నుంచి తిరుగుదారిలో, ఖాళీ గంప చంకన.
నా ముందు ఆగి, వేలు చాచి
నా బెల్లు తనే ఒకసారి నొక్కింది.
సవరలో ఏదో అంది.
ఏమిటో తెలీదు గానీ
తప్పుకున్నాను.