తెలుపు తప్ప

రహంతుల్లా గోడను గోటితో గీరి
రాలిన పొడిని నాలిక మీద వేసుకున్నాడు.
"మేయ్ పెంచలమ్మా, ఇది మన ఇసకపల్లిదే" అన్నాడు.
నవ్వాలో ఏడవాలో తెలీలా.
పదహారేళ్లు కయ్యల్లో నేను పలక పట్టి లాగిన ఉప్పు
కాలనీ ఇంటికి నాకంటే ముందొచ్చి కూచుంది.

ఉప్పుకాలవ పక్క ఇసకతో కట్టాడంట కంట్రాక్టరు.
నడుమెత్తు దాకా పెచ్చులు,
కింద తెల్లటి నూగు.
పొద్దున ఊడిస్తే సందేళకు మళ్లీ.

పోలయ్య అల్లూరు పోయి ఒక డబ్బా తెచ్చాడు.
దాని మీద బొమ్మలో జోరువాన,
వానలో తడవకుండా ఒక ఇల్లు.
రహంతుల్లా మూత కూడా తియ్యలేదు.
"తడి లోపలుంది పోలయ్యా.
పైన ప్లాస్టిక్ చొక్కా తొడిగితే యాడికి పోద్ది?
చొక్కా చించుకొని వస్తది.
ముందు ఇటిక కనబడేదాకా గీరాల.
ఆనక ఆరనియ్యాల."
"ఎన్నాళ్లు?"
"గోడనే అడగాల."

జానెడు పాలిథిన్ కవరు
నాలుగంచులా టేపేసి గోడకి అతికించి పోయాడు.
తెల్లారి చూస్తే లోపలివైపు సన్నటి చెమట.
"ఇంకా మాట్లాడతానే ఉంది" అన్నాడు.
అట్లా ఐదు వారాలు, ఐదు కవర్లు.
తోలు ఒలిచిన మేకలాగా ఇల్లంతా ఎర్రగా.
మంచాలు నడింట్లోకి లాక్కొని పడుకున్నాం.
ఆరో కవరు పొడిగా ఊడొచ్చింది.

"ఉప్పుకాగితం అందియ్యి మే."
ఉలిక్కిపడ్డా.
నున్నగా రుద్దే కాగితానికి
ఆ పేరెవరు పెట్టారో.
"దీంతో రుద్దితే చాలదా?" అని అరచెయ్యి చూపించా.
అతను నవ్వలా.
తన అరచెయ్యి నా దాని పక్కన పెట్టాడు.
ఏ గీతా పూర్తిగా లేదు, ఇద్దరికీ.

రాత్రి రంగుల పుస్తకం ఒళ్లో పెట్టుకొని లిఖిత,
"అమ్మా, తెలుపే నూటపది రకాలు!
ఇల్లు పెద్దగా కనపడుద్దంట, చల్లగా ఉంటదంట."
తెలుపు తప్ప, అన్నా.
"ఎందుకు?"
ఏప్రిల్ నెల మిట్టమధ్యాన్నం
కుప్పల నడుమ నిలబడి చూడు.
రెప్పలు మూస్తే రెప్పల కింద కూడా అదే.
మా అత్తకు నలభై నిండకముందే చూపు మసకేసింది.
ఇంటికొచ్చాక గోడలు కూడా నా మీదికి మెరవాల్నా?

"మరేంది?"
పేర్లు చదివింది. ఏ దేశం పళ్లో, ఏ దేశం పూలో.
నాక్కావాల్సింది పుస్తకంలో లేదు.
చీకటితో ఆటోలో కయ్యలకు పోతా ఉంటే
వంతెన దిగినాక ఎడం పక్క నారుమడి,
మొలగొలుకులు మొలిచిన పన్నెండో రోజు,
ఒక్క మలుపుసేపు కనపడుద్ది.
ఆటో ఆపరు.
ఆ పచ్చ.

పిడికెడు నారు తడిగుడ్డలో చుట్టి
కావలి కొట్టుకు తీసకపోయా.
"నంబరు చెప్పమ్మా" అన్నాడు కుర్రోడు.
గుడ్డ విప్పి బల్ల మీద పెట్టా.
నారును చూశాడు, నన్ను చూశాడు,
మిషనులో చుక్కలు ఎక్కించి తగ్గించి మూడుసార్లు గిలకొట్టాడు.
ఇంకా కాస్త ఎక్కువ పచ్చే.
"ఆరితే ఒక మెట్టు దిగుద్దిలే" అన్నాడు రహంతుల్లా.

కానీ దానికి ముందు ప్రైమరు.
తెల్లగా.
"ఇది లేకపోతే ఏ రంగూ పట్టదు, ఓర్చుకోవాల మే."
రెండ్రోజులు పొయ్యి వాకిట్లో పెట్టుకున్నా.
లోపలికి పోయేటప్పుడు
తలొంచుకొని, గడపనే చూస్తా పోయా.

ఆటో ఇప్పుడు ఆగింది, లోపలే.

కార్తీకంలో ముసురు నాలుగు రోజులు పట్టింది.
ఐదోనాడు అలమార వెనక, మూలన,
వేలెడంత తెల్లటి నూగు.
ఎవరికీ చెప్పలేదు.
గోటితో గీరి నాలిక మీద వేసుకున్నా.

వెనక పోలయ్య అన్నం కలుపుతా
"పులుసులో ఉప్పు తగ్గిందే" అన్నాడు.