ప్లగ్గు తీసిన డబ్బా

మా ఇంటి వెనుక రైలు తీగలు.
ఇరవై అయిదు వేల వోల్టులని
పుర్రె బొమ్మ గీసి మరీ రాసిన్రు బోర్డు మీద.
రెండేండ్లు నేను చదివింది అదొక్కటే.

ముందు నెత్తి. తర్వాత అరికాళ్ళల్ల చీమలు.
తర్వాత పండ్లు (నవ్వకుండ్రి), పండ్ల లోపల గుయ్యిమని మోత.
మీటరు కాడ మెయిను దించి
బల్లార్షా ఎండల ఫ్యాను లేకుంట పండుకున్న.
మా రాజలింగు బొగ్గుగని నుంచి వచ్చి
తడిగుడ్డ కప్పుకొని మోరీ పక్కన కూసునేటోడు.
ఒక్క మాట అనలే. అనుంటే బాగుండు.

చంద్రపూర్ల డాక్టరమ్మ పేరు రేవతి చింతల్వార్.
ఇంటిపేరు కొసకు వార్ తగిలించుకున్న మన తెలుగే,
మూడు తరాల కింద వార్ధా దాటిన్రట.
"ఏమైతున్నది?" అని మొదలువెట్టి
నడుమనే మరాఠీలకు జారిపోతది.
నేను పోయిననాడు గదిల ఏసీ బంద్ జేసింది.
"నొప్పి నిజమే" అని రాసుకున్నది
నేను చూస్తుండంగనే.

ఆరో వారం ఒక డబ్బా తెచ్చింది, బట్ట కప్పి.
లోపల కరెంటు ఉన్నదో లేదో ఆమెకూ తెల్వదు,
మీట పక్కగదిల పిల్లగాని చేతిల.
పదిసార్లు.
ఏడుసార్లు ఉన్నదన్న. ఒకసారైతే కక్కుకున్న.
ఆ ఏడింట్ల నాలుగుసార్లు, కక్కినసారి గూడ,
ప్లగ్గు గోడకే లేదు.

చెప్పులేసుకొని లేచిన.
నా వాంతి అబద్ధమా?
"కాదు. చిరునామా తప్పు" అన్నది
గ్లాసుల నీళ్ళు పోసుకుంట. తాగలే.
రెండు వారాలు అటు దిక్కే పోలే.

మళ్ళ పోయిన. ఎందుకో చెప్పలేను.
ఇచ్చిన పని చిన్నది:
జీరో బల్బు, రాత్రి కొంచెంసేపు.
చీమలు పాకితే పాకనియ్యి,
ఎంతసేపు పాకుతయో గడియారం చూసి రాయి.
రాసిన. పదకొండు నిమిషాలు. తొమ్మిది.
ఒకనాడు నలభై. దాన్నీ రాసిన.

నిన్న గాలిదుమారానికి వాడంత చీకటి.
"లైట్ గేలీ!" అని నాలుగు దిక్కుల తిట్లు.
పట్టాల మీద బండి గూడ నిలబడ్డది.
ఏ తీగలా ప్రాణం లేని ఆ చీకట్ల
నా నెత్తినొప్పి ఎప్పటిలెక్కనే లేసింది.
ఇగ ఎవలను అనాలె?
మెట్టు మీద కూసున్నం, అదీ నేనూ.
రాజలింగు ఇసనకర్ర ఊపుతుండె.

గంటకు ఒక్కపారే వాడంత వెలిగింది.
"ఆలీ! ఆలీ!" అని పిల్లలు ఎగిరిన్రు.
వాళ్ళల్ల ఒక గొంతు నాది.
అరిచినంక యాదికొచ్చింది
నాకు కరెంటు పడదని.