చెక్కుబందీ

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదుట
రేకుల పంచ కింద ముప్పై ఏళ్లుగా
ఇతరుల ఆస్తులు రాసి బతుకుతున్నవాణ్ణి.
నాకున్నది ఒక బల్ల, రెండు కుర్చీలు,
వానొస్తే కాగితాల మీద కప్పే ఎరువుల సంచి.

ఈవేళ దస్తావేజు వేగిరాజు వారి మేడది.
పదకొండుమంది వారసులు.
ఇద్దరు రాలేదు, వాళ్ల బదులు జీపీఏ కాగితం వచ్చింది.
కొనేది తణుకు కలప వర్తకుడు.
అతనికి ఇల్లు వద్దు, ఇంట్లో దాక్కున్న అడవి కావాలి:
రంగం టేకు దూలాలు ఇరవై నాలుగు,
వరండా స్తంభాలు పద్దెనిమిది,
ఏనుగు తొండాలు చెక్కిన సింహద్వారం,
అద్దాలు పోయిన బీరువాలు కలిపి లెక్క.
బెల్లం నీళ్లతో గానుగాడిన సున్నం గోడలకి
ధర లేదు, కూల్చిన ఖర్చు ఉంది.

ఆ మేడ నాకు తెలుసు.
కౌలు ధాన్యం కొలిచే రోజు మా నాన్న వెంట వెళ్లాను.
రైతులు మెట్ల దిగువన,
గుమాస్తా మూడో మెట్టు మీద.
రాజుగారు కనబడరు,
వారి దగ్గు మాత్రం మేడ మీంచి వినబడేది.
ఆ దగ్గుకి కూడా లేచి నిలబడేవారు మావాళ్లు.
షెడ్యూలులో ఆ దగ్గు ఎక్కడా లేదు.

హద్దుల కోసం పాత కాగితాలు తిరగేశాను.
పంతొమ్మిది వందల పదకొండు నాటిది ఒకటి,
పురుగు తినగా మిగిలిన అక్షరాలు:
"తూర్పు: పంట కాలవ గట్టు.
దక్షిణం: మా ఉమ్మడి కొబ్బరితోట.
పడమర: గోదావరి.
ఉత్తరం: పడవవాడు సంగాని అప్పడు గుడిసె."

ఆ తర్వాత ఏటిగట్టు రెండుసార్లు జరిగింది.
ఎనభయ్యారు వరదకి తోట సగం ఏట్లోకి పోయింది.
గోదావరి తన హద్దు తనే తిరగరాసుకుంది,
స్టాంపు కాగితం కొనకుండా, సాక్షులు లేకుండా.
అన్నదమ్ములు పంచుకున్నారు, కోర్టుకెక్కారు,
తనఖా పెట్టారు, విడిపించారు,
భూపరిమితికి బెదిరి
ఇంకా పుట్టని మనవల పేర ఎకరాలు రాశారు.
ప్రతి దస్తావేజులోనూ
ఉత్తరాన మాత్రం అప్పడు గుడిసె.
మనిషి పోయి డెబ్బై ఏళ్లు.
నకలు చూసి నకలు రాశాం మేం.
నా చేత్తో నేనే నాలుగుసార్లు రాశాను.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది,
చేపల గంప కొళాయి దగ్గర దింపి.
"ఆయ్, మా ముత్తాత పేరు కాయితంలో ఉందంట గదండీ,
పట్టా ఏవన్నా వస్తదేమోనని."
పేరు మాణిక్యం. అదే చోటు, అదే గుడిసె,
ఆకు పోయి రేకు వచ్చింది, అంతే మార్పు.
"ఆ దూలాలు రేవులోంచి మా తాత పడవలోనే వచ్చినాయండి.
మూడు తడవలు తోలేడంట. కూలి రెండుసార్లే ఇచ్చారంట."

ఎలా చెప్పాలో తెలియక చెప్పాను:
హద్దుగా ఉన్నవాడికి హక్కుండదమ్మా,
వాళ్ల భూమి ఎక్కడ ఆగుతుందో చెప్పడానికే
మీ తాత పేరు రాశారు.

ఆమె కొంచెంసేపు బల్లకేసి చూసింది.
"అంటే ఆళ్ల భూమి
మా తాత దగ్గిరికొచ్చి ఆగిపోయేదన్నమాట,"
అంది. నవ్విందో లేదో తెలియలేదు.

నకలు కావాలంది. ఫీజు కట్టింది,
నోటుకి చేప పొలుసు అంటుకుని మెరిసింది.
కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిని దోపుకుని
గంప ఎత్తుకోవడానికి నన్నే చెయ్యి వెయ్యమంది.

వర్తకుడు తొందరపడుతున్నాడు:
"ఉత్తరం ఖాళీ స్థలం అని కానిచ్చెయ్యండి,
కలపకి లారీ అటునుంచే రావాలి."

నా కలం ఆగింది.
ఈ ముప్పై ఏళ్లలో అది ఆగిన చోట్లు తక్కువ,
ఆగినవన్నీ సిరా అయిపోయినప్పుడే.

రాశాను:
"ఉత్తరం: సంగాని మాణిక్యం గారి ఇల్లు."

గుడిసెని ఇల్లన్నందుకు ఎవరూ అడగలేదు.
'గారు'కి స్టాంపు డ్యూటీ లేదు.
రేపు లారీ ఎటునుంచి వస్తుందో నేను చెప్పలేను.
వచ్చిన తొమ్మిదిమందీ వేలిముద్రలు వేసి,
సిరా తుడుచుకోవడానికి గుడ్డ కోసం
నా బల్ల చుట్టూ వెతుక్కుంటున్నారు.