తీగ బదులు తాడు

ముందు చేతులు చూపించాడు గ్వెండాల్.
చూపుడువేలికి ప్లాస్టరు, అరచేతిలో మూడు గాట్లు.
"చాప ఎత్తిన ప్రతిసారీ కప్పం కడుతున్నా."

ఇరవయ్యారేళ్ళ ఉక్కు తీగ.
పోగులు విచ్చి చేపముళ్ళలా లేచాయి.
చేత్తో తడమలేదు. పాత చొక్కా గుడ్డ చుట్టి జార్చాను,
గుడ్డ చిక్కుకున్న చోటల్లా ఒక ముల్లు.
పదకొండు దగ్గర లెక్క ఆపేశాను.

పెంపోల్ రేవులో ఫిబ్రవరి.
లాకు గేటు మూసి ఉంది. అవతల సముద్రం
మైలు దూరం వెనక్కి పోయింది,
బురదలో ఎవరో గుల్లలు ఏరుకుంటున్నారు.
ముందు చాప తాడుకి వేలాడుతూ
కొయ్య చివరికి ఎక్కాను.
కింద విన్చి తిప్పుతూ గ్వెండాల్,
డెబ్భై రెండేళ్ళ మోచేతులు, మధ్యలో దగ్గు.
ఆ దగ్గు ఆగేదాకా నేను గాల్లో.

పైన కప్పీ.
దాని గాడిలో తీగ ఇంకో గాడి తవ్వుకుంది,
గోరు పెడితే దిగేంత.
దీని మీద తాడు వేస్తే రెండు వేసవులకి తెగుతుంది.
అందరూ తీగ మారుస్తారు, కప్పీ మర్చిపోతారు.
పాతది ఊడదీసి జేబులో వేసుకున్నాను,
వెడల్పు గాడిది బిగించాను.

ఇక కుట్టు.
పాత తీగ కొసకి కొత్త తాడు కొస,
మైనపు దారంతో తొమ్మిది పోట్లు, పైన టేపు.
ఇది ఊడిందా,
పదమూడు మీటర్ల కొయ్య కడుపులో చీకటే మిగులుతుంది.
"లాగు. మెల్లగా."

తీగ లాగితే డొంకంతా కదలాలి.
కదల్లేదు.
తీగ వెనకే తెల్లటి తాడొకటి, నీలం పోగుతో,
చప్పుడు చెయ్యకుండా నడిచొచ్చింది.

"సాగుతుంది, ముందే చెప్తున్నా.
మొదటి గాలికి చాప కుంగుతుంది, మళ్ళీ బిగించుకో."
"నేనూ అంతే, లెనైగ్," అన్నాడు.
ఊళ్ళో అతన్ని తాడూ బొంగరం లేనివాడంటారు.
ఇప్పుడు ముప్ఫై మీటర్ల తాడుంది.

తీగ మాత్రం పారెయ్యనివ్వలేదు.
చుట్ట చుట్టి
సైకిలు హ్యాండిలుకి తగిలించుకుపోయాడు.

జూన్‌లో అతని పెరటికి వెళ్ళాను.
రెండు గుంజల మధ్య అదే తీగ,
దాని మీద బఠానీ తీగ.
నునుపుగా ఉన్నచోట జారి, వేలాడి,
పోగు విచ్చిన చోటే
నులితీగలకి పట్టు దొరికింది,
రెండు చుట్లు, మూడు చుట్లు.

నా బిల్లులో ఇంకా నలభై యూరోలు బాకీ.
మానిన చేతులతో, దోసిళ్ళకి దోసిళ్ళు
కాయలు పోశాడు నా సంచిలో,
తూకం వెయ్యలేదు.