యాభయ్యో వంతు

హుసావిక్‌లో నవంబరు మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పళ్ళ క్లినిక్ మూసేసి
అరిగిపోయిన డ్రిల్లు మొనలు మాత్రల డబ్బాలో వేసుకుని
ఆస్‌గేయిర్ గరాజు తలుపు తోస్తాను.
"తలుపు! తలుపు!" అని అరుస్తాడు.
గాలికి లంగరు గొలుసు ఎగిరిపోతుందట.

గోరంతను కొండంత చేసేవాళ్ళు మా రేవునిండా ఉన్నారు.
ఇతనొక్కడే
కొండంతను కూచోబెట్టి గోరంత చేస్తున్నాడు.

అసలు ఓడ, "సూల", తుక్కుకింద పోయింది.
ఇది మూరన్నర.
బూటు కన్నాల ఇత్తడి చుట్లు కిటికీలయ్యాయి,
గుండుసూదులు రెయిలింగు,
కరెంటు తీగ తొడుగు కోస్తే లైఫ్‌బాయ్,
మైనం రుద్దిన కుట్టుదారం మోకు.
తాళ్ళు చుట్టే గుంజ ఒకటి పట్టకారులోంచి జారి
ఎటో ఎగిరింది మొన్న.
వాక్యూమ్ గొట్టం మూతికి నా మేజోడు తొడిగి
ఇద్దరం మోకాళ్ళమీద గంటసేపు నేలంతా ఊడ్చాం.
దొరికింది,
అతని గడ్డంలో.

విన్చికి మాత్రం ఏడు వారాలు.
పాత వాచీ చక్రం అరగదీసి నా చేతిలో పెట్టాడు:
"పళ్ళు లెక్కపెట్టు, నీ పనేగా."
ముప్ఫై ఒకటి.
ముప్ఫై రెండుండాలి.
మళ్ళీ మొదలు.

ఎడమచేతికి మూడు వేళ్ళే అతనికి.
తక్కిన రెండూ ఈ విన్చి దగ్గరే,
ఒక ఫిబ్రవరిలో, వల పైకొస్తుండగా.
దాని గురించి ఎప్పుడూ చెప్పడు.
ఒకసారి మాత్రం హెర్రింగ్ చేప సీసాలోంచి
రెండు ఆవగింజలు తీసి డెక్కుమీద పెట్టి
"ఈ లెక్కన ఇంతే" అని నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆ గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

ఇవాళ విన్చి పళ్ళమీద
కాఫీ డబ్బా రేకుతో వంచిన చిన్న మూత ఒకటి.
గోడమీద నీలం డ్రాయింగు చూశాను,
మసకబారిన ఫోటోలు మూడూ చూశాను.
"అసలు ఓడకి ఈ మూత లేదు కదా?"
"లేదు."

ఊపిరి బిగబట్టి, మూడు వేళ్ళతో అదిమిపట్టుకున్నాడు
జిగురు ఆరేదాకా.
హీటరు టిక్కుటిక్కుమంటోంది.
బయట ఏదో పడవ వెనక్కి తిరుగుతున్న చప్పుడు.

"రేపు ఇంకాస్త సన్న మొన దొరికితే తీసుకురా,"
తలెత్తకుండానే అన్నాడు,
"దీనికి నాలుగు బోల్టులు పడాలి.
ఊడిరాకూడదు."